ఊళ్లో రాజీ అయింది, కోర్టులో కేసు బతికే ఉంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే బాధ చుట్టూ తిరిగాయి. పాత కేసు, కొత్త బండి, దొరకని డెలివరీ పని. అందుకే వేరే ప్రశ్నలన్నీ వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ నాలుగింటికే జవాబు రాస్తున్నాను. ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు నా దగ్గరే ఉంటాయి.

*

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 27. మాది హుజూర్‌నగర్ దగ్గర పల్లె. డిగ్రీ రెండో ఏడాదిలో మానేశాను. ఇప్పుడు బోడుప్పల్‌లో ముగ్గురం కలిసి రూమ్‌లో ఉంటున్నాం. సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను, నెలకు 2,900 కిస్తీ. ఫుడ్ డెలివరీ యాప్‌లో చేరదామని ఆధార్, పాన్, లైసెన్సు, పాస్‌బుక్ అన్నీ అప్‌లోడ్ చేశాను. టీ-షర్టుకు, బ్యాగుకు డబ్బులు కూడా కట్టాను. ఆరో రోజు 'బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫెయిల్' అని మెసేజ్ వచ్చింది. 2018లో వినాయక నిమజ్జనం రోజు మా ఊళ్లో డీజే దగ్గర గొడవైంది. మా ఐదుగురి మీద కేసు పెట్టారు. 323, 341, 506 అని గుర్తు. రెండు వాయిదాలకు వెళ్లాను. తర్వాత పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేశారు. దెబ్బలు తగిలినాయనకు ఆసుపత్రి ఖర్చు కింద 12,000 ఇచ్చాం, కాగితం మీద అందరం సంతకాలు పెట్టాం. అప్పటి నుంచి కోర్టు మొహం చూడలేదు. అయిపోయిన కేసు ఇప్పుడు ఎందుకు అడ్డం వస్తోంది? ఇక నాకు ఎక్కడా డెలివరీ పని దొరకదా? అమ్మకు ఇంకా చెప్పలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, కష్టంగా ఉన్నా ముందు అసలు మాట చెప్తాను. నీ కేసు అయిపోలేదు. ఊళ్లో అయిపోయింది, కోర్టులో కాలేదు. 22 ఏళ్లుగా వకీలుగా సూర్యాపేట, హుజూర్‌నగర్ కోర్టుల్లో తిరుగుతున్నదాన్ని, నీలాంటి పిల్లలు ఏటా పదిమందైనా నా దగ్గరికి వస్తారు. అందరి చేతిలోనూ అదే పెద్దమనుషుల కాగితం. అది ఊళ్లో మళ్లీ గొడవ కాకుండా ఆపుతుంది, అంతవరకు మంచిదే. కానీ పోలీసులు చార్జిషీటు వేశాక ఆ కేసు ప్రభుత్వానికీ నీకూ మధ్య నడుస్తుంది. జడ్జి ముందుకు రాని రాజీ జడ్జి లెక్కలో లేనట్టే. నువ్వు వాయిదాలకు వెళ్లడం మానేశావు కాబట్టి నీ మీద నాన్ బెయిలబుల్ వారెంటు ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఎన్నేళ్లయినా ఆ వారెంటు దానంతట అది రద్దు కాదు. కోర్టు రద్దు చేయాలి, లేదా పోలీసులు నిన్ను పట్టుకుని కోర్టులో నిలబెట్టాలి. రెండోది జరగకముందే మొదటిది చేయించుకోవాలి.

భయపడకు. నువ్వు రాసిన మూడు సెక్షన్లూ (కొట్టడం, అడ్డగించడం, బెదిరించడం) రాజీకి వీలున్నవే. దారి ఉంది, కొంచెం తిరగాలి అంతే.

ముందు కేసు ఏ స్థితిలో ఉందో నువ్వే చూసుకో. ఫోన్‌లో ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ వేసుకో, ఉచితమే. రాష్ట్రం తెలంగాణ, జిల్లా సూర్యాపేట, కోర్టు కాంప్లెక్స్ హుజూర్‌నగర్ పెట్టు. పార్టీ పేరుతో వెతికేచోట నీ పేరు, కేసు నమోదైన ఏడాది ఇవ్వు. పెండింగ్ (నడుస్తున్నవి), డిస్పోజ్డ్ (ముగిసినవి) రెండూ కలిపి చూపించమను. 2018లో గొడవైతే చార్జిషీటు 2019లో పడి ఉండొచ్చు, ఆ ఏడాది కూడా చూడు. దొరకకపోతే స్పెల్లింగు మార్చి చూడు. కోర్టు గుమాస్తా ఇంగ్లిష్‌లో మన పేర్లు ఎలా విన్నాడో అలా రాస్తాడు. మల్లయ్య అనే పేరు నేను ఒకే కేసు కాగితాల్లో మూడు రకాలుగా చూశాను. ఎఫ్ఐఆర్ నంబరు తెలిస్తే పోలీస్ స్టేషన్ పేరు, నంబరు ఇచ్చి కూడా వెతకొచ్చు. కేసు కనపడగానే సి.సి. నంబరు (ఆ కోర్టు కేసుకు ఇచ్చిన నంబరు), పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు (దేశంలో ఆ ఒక్క కేసుకే ఉండే నంబరు), తర్వాతి వాయిదా తేదీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకో. ఫోన్‌లో ఒక్కటే ఉంచకు. ఫోన్ పోతుంది, పుస్తకం ఇంట్లో ఉంటుంది.

ఆ తర్వాత హుజూర్‌నగర్ వెళ్లి వకీలును కలువు. డబ్బు లేదని ఆగిపోవద్దు. 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు పలుకుతారు. కోర్టు ఆవరణలోనే వాళ్ల ఆఫీసు ఉంటుంది. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా, మిగతావాళ్లకు ఆదాయ పరిమితిని బట్టి ఉచితంగా వకీలును ఇస్తారు. 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు ఇది, ఎవరి దయా కాదు. వకీలు వారెంటు రీకాల్ పిటిషన్, అంటే వారెంటు రద్దు చేయమనే దరఖాస్తు వేస్తారు. ఆ రోజు నువ్వు స్వయంగా జడ్జి ముందు నిలబడాలి. పొద్దున్నే పది గంటలకల్లా వెళ్లు. నీతోపాటు జామీను ఉండేవాళ్లు ఇద్దరు, వాళ్ల ఆధార్ జిరాక్సులు సిద్ధంగా ఉండాలి. కొందరు జడ్జీలు కొంత జరిమానా కట్టమని వదిలేస్తారు. ఇన్నేళ్లు రాలేదని కోప్పడి రిమాండుకు పంపే అవకాశమూ లేకపోలేదు. దాచకుండా చెప్తున్నాను. తనంతట తాను వచ్చినవాడిని చూసే చూపు, పోలీసులు తెచ్చినవాడిని చూసే చూపు ఒకటి కావు. ఇది నేను చాలాసార్లు కళ్లారా చూశాను.

వారెంటు రద్దయ్యాక అసలు పని. 12,000 తీసుకున్నాయన్ని, ఆ రోజు సంతకం పెట్టిన మిగతావాళ్లను కోర్టుకు రమ్మని అడగాలి. మూడు నెలలకోసారి జాతీయ లోక్ అదాలత్ జరుగుతుంది. అక్కడ ఆయన 'రాజీ అయ్యాం' అని చెప్పి సంతకం పెడితే కేసు మూసేస్తారు. నీ కేసు పాతది కాబట్టి పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 320 సెక్షన్ కిందికి వస్తుంది. ఆ సెక్షన్ ప్రకారం రాజీ అయితే ముద్దాయిని నిర్దోషిగా విడుదల చేసినట్టే లెక్క. శిక్ష పడ్డట్టు కాదు. ఇది బాగా గుర్తు పెట్టుకో, తర్వాత కంపెనీవాళ్లకు ఈ మాటే చెప్పాలి. ఒకవేళ కర్రతోనో రాడ్డుతోనో కొట్టారని చార్జిషీటులో 324 కూడా కలిపి ఉంటే కింది కోర్టులో రాజీ కుదరదు, హైకోర్టుకు వెళ్లి కొట్టేయించుకోవాలి. అందుకే చార్జిషీటు కాపీ చూడకుండా ఎవరికీ ఏ మాటా ఇవ్వకు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2013లో ఒక తాపీ మేస్త్రీ కొడుకు కేసు వాదించాను. సాక్షులు నిలబడలేదు, కొట్టేశారు. కోర్టు మెట్ల మీద 'ఇక పో నాయనా, నీకు ఏ కేసూ లేదు' అని పంపేశాను. తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోమని చెప్పాలన్న ఆలోచనే రాలేదు. 2022లో ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. సరుకులు డెలివరీ చేసే హబ్‌లో పని ఖాయమైంది, వెరిఫికేషన్‌లో ఆ పాత కేసు తగిలింది. వెబ్‌సైట్‌లో 'డిస్పోజ్డ్' అని ఉంది కానీ తీర్పు కాపీ లేదు. కొట్టేశారో శిక్ష వేశారో కాగితం చూపించమన్నారు. ఆ ఏడాదే జూన్ 2న తెలంగాణలో కొత్త జిల్లా కోర్టులు మొదలయ్యాయి. పాత ఫైళ్లు కొన్ని నల్గొండలో, కొన్ని సూర్యాపేటలో. కాపీ కోసం అప్లికేషన్ పెట్టి రికార్డు రూము చుట్టూ తిరిగితే, దుమ్ము పట్టిన గుడ్డమూటలో ఆ ఫైలు దొరికేసరికి ఏడు వారాలైంది. ఆరు పేజీల తీర్పు, ఇంగ్లిష్‌లో ఉంది. చివరి వాక్యం తెలుగులో చదవమన్నాడు. నిర్దోషి అని రాసి ఉందని చదివాను. 'మళ్లీ ఒకసారి చదవండి మేడమ్' అన్నాడు. చదివాను. అప్పటికి హబ్‌లో ఆ పని ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ ఏడు వారాలు పోయింది నా వల్లే. అప్పటి నుంచి కేసు ముగిసిన ఎవరినీ కాపీ అప్లికేషన్ మీద సంతకం పెట్టించకుండా నేను కోర్టు గేటు దాటనివ్వడం లేదు. నువ్వూ లోక్ అదాలత్ అవార్డు (అక్కడి తీర్పును అలా అంటారు) కాపీ రెండు సెట్లు తీసుకో. ఒకటి అమ్మ దగ్గర పెట్టు.

ఈ వెరిఫికేషన్ ఎలా జరుగుతుందో తెలిస్తే నీ టెన్షన్ కొంత తగ్గుతుంది. చాలా కంపెనీలు ఆ పని తాము చేయవు, వెరిఫికేషన్ సంస్థలకు ఇస్తాయి. వాళ్లు కంప్యూటర్‌లో కోర్టు రికార్డులన్నీ నీ పేరు, తండ్రి పేరు, ఊరుతో జల్లెడ పడతారు. కోర్టు రికార్డులో ఆధార్ నంబరు ఉండదు కాబట్టి పేరు కలిస్తే చాలు, ఎర్ర గుర్తు పడుతుంది. మన హుజూర్‌నగర్ వైపు జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పిల్లలకు సైదులు అని పేరు పెట్టుకోవడం నీకు తెలియంది కాదు. 'శ్రీను, తండ్రి సైదులు' అంటే మండలానికి ఎంతమంది తేలతారో ఆలోచించు. ఏ కేసూ లేని పిల్లలకు కూడా ఇంకొకరి కేసు అంటుకుని పని పోయిన సందర్భాలు నా దగ్గరికి వచ్చాయి. ఇది చదువుతున్నవాళ్లలో అలాంటివాళ్లుంటే కంపెనీ సపోర్టుకు రాసి, ఏ కేసు నంబరు చూసి ఆపారో అడగండి. ఆ కేసులో ముద్దాయి వయసు, ఇంటిపేరు, ఊరు మీవి కావని చూపించి, మీరు ఆ వ్యక్తి కాదని నోటరీ అఫిడవిట్ జత చేయండి. మన సమాచారం తప్పుగా ఉంటే దిద్దించుకునే హక్కును 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా చట్టం ఇచ్చింది. అది దశలవారీగా అమల్లోకి వస్తోంది, అయినా ఉత్తరంలో ఆ చట్టం పేరు రాయడం మంచిదే.

నీ విషయంలో మాత్రం ఇప్పుడే కంపెనీతో వాదనకు దిగకు. కాగితం చేతికి వచ్చాక నాలుగు వాక్యాలు రాయి: 'నా మీద ఫలానా సి.సి. నంబరు కేసు ఉండేది. ఫలానా తేదీన లోక్ అదాలత్‌లో రాజీతో ముగిసింది. చట్టప్రకారం ఇది నిర్దోషిగా విడుదలతో సమానం. సర్టిఫైడ్ కాపీ జత చేశాను, నా వెరిఫికేషన్ మళ్లీ చేయించగలరు.' అంతకు మించి వద్దు. డీజే, నిమజ్జనం, ఎవరు ముందు కొట్టారు, అవన్నీ వాళ్లకు అక్కర్లేదు. వాళ్లు అప్పటికీ కాదంటే? కాదనొచ్చు. ప్రైవేటు కంపెనీ నిన్ను తీసుకుని తీరాలని చెప్పే చట్టం మన దేశంలో లేదు. పైగా వాళ్ల కాగితాల్లో నువ్వు ఉద్యోగివి కాదు, 'డెలివరీ పార్ట్‌నర్'వి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ మీలా యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ కార్మికులను గుర్తించింది, కానీ పనిలోకి తీసుకోనప్పుడు ఎవరిని అడగాలో అందులో లేదు. ఇది అన్యాయమనే నేను అనుకుంటాను. కానీ ఒక యాప్ కాదంటే అన్నీ కాదంటాయని కాదు. ఒక్కో కంపెనీ నియమం ఒక్కో రకం. కేసు పెండింగ్‌లో ఉన్నవాడిని ఆపేసే చోట, ముగిసిన కాగితం చూపినవాడిని తీసుకున్న సందర్భాలు చూశాను.

అన్నట్టు టీ-షర్టు, బ్యాగు డబ్బులు వాపసు అడుగు. పని ఇవ్వనప్పుడు అవి నీ డబ్బులే. అమ్మకు ఈ ఆదివారమే చెప్పు. ఆ పన్నెండు వేల కాగితం ఏ బియ్యం డబ్బా కిందో దాచింది ఆమే అయి ఉంటుంది, అది ఇప్పుడు నీకు కావాలి.

*

ప్రశ్న: నాకు 16 ఏళ్లప్పుడు స్నేహితుడితో కలిసి బైక్ దొంగతనం కేసులో దొరికాను. జువైనల్ బోర్డులో కేసు నడిచింది, కొన్నాళ్లు కౌన్సెలింగ్‌కు పంపారు. ఇప్పుడు 22. పార్సిల్ డెలివరీ ఫారంలో 'మీ మీద ఎప్పుడైనా శిక్ష పడిందా' అని అడిగారు. అవునని రాయాలా? (నిజామాబాద్)

జవాబు: అక్కర్లేదు బాబూ. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ నీలాంటివాళ్ల కోసమే ఉంది. పిల్లలుగా ఉన్నప్పటి కేసు వల్ల తర్వాతి జీవితంలో ఏ అనర్హతా అంటకూడదని, అప్పీలు గడువు తీరాక ఆ రికార్డులను తీసేయాలని అందులో ఉంది. 16 దాటిన పిల్లలు ఘోరమైన నేరాలు చేసి, పెద్దవాళ్లలా విచారణ జరిగిన కేసులకే ఇది వర్తించదు. బైక్ దొంగతనం ఆ లెక్కలోకి రాదు. 'లేదు' అని రాయి, అది అబద్ధం కాదు. వెరిఫికేషన్‌లో ఎక్కడైనా ఆ కేసు కనపడిందంటే రికార్డు తీసేయలేదన్నమాట. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి, తీసేయించమని బోర్డుకు దరఖాస్తు పెట్టించు.

*

ప్రశ్న: అక్కా, నేను విజయవాడలో మిషను కుడతాను. మా ఆయన వయసు 34. 2021లో ఆటోనగర్‌లో తను పనిచేసే షాపులోంచి స్నేహితుడితో కలిసి పాత బ్యాటరీలు అమ్ముకున్నాడు. తప్పే. కేసు పెట్టారు, సంవత్సరం శిక్ష పడింది, అనుభవించి వచ్చాడు. వచ్చి ఎనిమిది నెలలైంది. పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. పాప స్కూలుకు తీసుకెళ్లమన్నా వెళ్లడు, ఎవరైనా చూస్తారని. డెలివరీ పని అయితే ఎవరి మొహం చూడక్కర్లేదని దానికి ఒప్పుకున్నాడు. ఫారంలో శిక్ష పడిందా అంటే 'లేదు' అని టిక్ పెట్టమని స్నేహితులు చెప్తున్నారు. 5,000 ఇస్తే క్లీన్ రిపోర్టు తెప్పిస్తామని ఒకడు వెంటపడుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ 5,000 వాడిని గుమ్మంలోకి రానివ్వకు. వాడు తెచ్చేది దొంగ కాగితం. అది బయటపడితే ఫోర్జరీ కేసులో ఇరుక్కునేది మీ ఆయనే. ఒక శిక్ష అనుభవించి వచ్చినవాడికి రెండో కేసు ఎంత బరువో నీకు చెప్పక్కర్లేదు.

'లేదు' అని టిక్ కూడా పెట్టనివ్వకు. పెద్దవాళ్లకు పడిన శిక్ష ఇన్నేళ్ల తర్వాత చెరిగిపోతుందనే చట్టం మన దేశంలో లేదు. కొన్ని దేశాల్లో ఉంది, మనకు రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఇవాళ దొరక్కపోయినా ఆరు నెలలకు మళ్లీ వెరిఫికేషన్ చేస్తే దొరుకుతాడు. ఆ రోజు ఐడీ బ్లాక్ అవుతుంది, ఆ వారం పేఔట్ ఆగుతుంది, 'దొంగ' అన్న మాట పక్కన 'అబద్ధాలకోరు' కూడా చేరుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ ఉద్యోగాల గురించి చెప్తూ ఈ తేడానే పట్టి చూపించింది. నిజం చెప్పినవాడి విషయంలో నేరం ఏపాటిదో చూసి నిర్ణయించవచ్చంది. దాచినవాడిని ఆ దాచడం మీదే తీసేయవచ్చంది. డెలివరీ కంపెనీలకు ఆ తీర్పు నేరుగా వర్తించదు, కానీ ఏ యజమాని మనసైనా ఇలాగే పనిచేస్తుంది.

ఇంకో నిజం చెప్పాలి, బాధపడకు. డెలివరీ యాప్‌లు దొంగతనం, ఆడవాళ్ల మీద నేరాలు, గంజాయి కేసుల దగ్గర గట్టిగా ఉంటాయి. రైడర్ పది ఇళ్ల గుమ్మాలు ఎక్కుతాడు కదా అంటారు. శిక్ష అయి సంవత్సరం కూడా కాలేదు కాబట్టి మీ ఆయనకు పెద్ద యాప్‌లలో ఇప్పుడే దొరకడం కష్టం. నిజం రాసి ఒకటి రెండు చోట్ల ప్రయత్నించండి, కానీ అదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

నేనైతే ఆయన్ని మనిషి మనిషిని చూసి పని ఇచ్చే చోటికి పంపుతాను. 20 లీటర్ల వాటర్ క్యాన్లు వేసే ప్లాంటు, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌లో షాపులకు సరుకు చేరవేసే ట్రాలీ ఆటోలు, కిరాణా కొట్టు హోమ్ డెలివరీ, పాల ప్యాకెట్ల లైను. అక్కడ కంప్యూటర్ జల్లెడ ఉండదు, 'ఎవరి తాలూకు' అని అడుగుతారు. హామీ ఉండే మనిషి ఒకరు కావాలి. నువ్వు బట్టలు కుట్టే ఇళ్లలో వ్యాపారాలున్నవాళ్లు ఉంటారు, అడుగు. అడగడానికి నువ్వు సిగ్గుపడాల్సిన పని లేదు.

వెళ్లినప్పుడు ఆయన ఏం మాట్లాడాలో కూడా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే తడబడతారు. మా సూర్యాపేటలో జైలు నుంచి వచ్చిన ఒకాయన వాటర్ ప్లాంటు యజమాని ముందు నిలబడి అన్న మాటలివి. నేను పక్కనే ఉన్నాను. 'అన్నా, నా మీద దొంగతనం కేసు ఉంది, శిక్ష అయిపోయింది. పని కావాలి. మొదట్లో డబ్బులు వసూలు చేసే పని నాకు ఇవ్వకు, మోసే పని ఇవ్వు.' అంతే. యజమాని కాసేపు ఏమీ అనలేదు. ఖాళీ క్యాన్ల వరస చూపించి 'పొద్దున ఐదింటికి రా' అన్నాడు. నాలుగు నెలలు మోయడమే చేశాడు. ఐదో నెల ఒక సాయంత్రం వసూళ్ల పుస్తకం, సంచి ఆయన చేతికే ఇచ్చి పంపారట. ఇంటికెళ్లి ఆ సంచి రెండుసార్లు లెక్కపెట్టానని నాతో చెప్పాడు. వసూలు పని వద్దని తనే ముందు అనడం వల్ల యజమానికి ఉన్న భయం పోయింది. మీ ఆయన కూడా అలాగే అనాలి.

రెండు రాష్ట్రాల్లోనూ జైళ్ల శాఖ పెట్రోల్ బంకులు నడుపుతోంది. తెలంగాణలో వాటిల్లో విడుదలైనవాళ్లకు కూడా పని ఇచ్చారు. మీ ఆయన ఉన్న జైలుకు వెళ్లి వెల్ఫేర్ ఆఫీసరును కలిసి అక్కడ ఖాళీలేమైనా ఉన్నాయా అని అడగండి. మళ్లీ ఆ గేటు చూడాలంటే ఆయనకు కష్టంగా ఉంటుంది, నువ్వు వెళ్లినా సరిపోతుంది.

కేసు ఇంకా నడుస్తున్నవాళ్లు ఈ పేజీ చదువుతుంటే వాళ్లకు ఒక మాట. మొదటిసారి చిన్న నేరంలో దొరికి, శిక్ష తప్పదనిపిస్తే, 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద వదిలేయమని అడగమని మీ వకీలుకు తీర్పు రాకముందే చెప్పండి. 3 లేదా 4 సెక్షన్ కింద విడిచిపెడితే, శిక్ష పడినవాళ్లకు అంటుకునే అనర్హత మీకు అంటదని 12వ సెక్షన్ చెప్తుంది. అడగనందువల్లే పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

చెల్లెమ్మా, పాపను స్కూలుకు తీసుకెళ్లే పని మాత్రం ఆయనకే అప్పజెప్పు. మొదటి రోజు నువ్వూ వెంట వెళ్లు.

*

ప్రశ్న: నా మీద కేసు ఉందని నాకు ఐడీ రాలేదు. మా బావమరిది ఐడీతో కూకట్‌పల్లిలో బండి తిప్పుతున్నాను. వారానికి అతనికి 500 ఇస్తాను. నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. దీనివల్ల ఏమైనా ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే తమ్ముడూ, ఇద్దరికీ. వేరొకరి పేరుతో నటించి లబ్ధి పొందడం కొత్త భారతీయ న్యాయ సంహిత 319 సెక్షన్ కింద నేరం, ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. ఉన్న ఒక కేసు పోగొట్టుకోవాల్సిన సమయంలో ఇంకోటి నెత్తిన వేసుకుంటావా? యాప్ అడిగే సెల్ఫీకి ప్రతిసారీ బావమరిదికి ఫోన్ చేస్తున్నావు, ఒకరోజు అతను ఎత్తడు.

అంతకంటే నన్ను భయపెట్టేది వేరే ఉంది. రేపు జేఎన్‌టీయూ దగ్గర బస్సు తగిలి నువ్వు పడిపోతే, కంపెనీ ఇచ్చే ప్రమాద బీమా ఐడీలో ఉన్న పేరుకే. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం గిగ్ కార్మికులకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. దానికీ నువ్వు ఈ పనిలో ఉన్నట్టు కాగితం కావాలి. నీ పేరు ఎక్కడా లేదు. నీ భార్య ఏ కాగితం పట్టుకుని వెళ్తుంది? అటువైపు, నువ్వు ఇచ్చిన ఆర్డర్ మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే పోలీసులు తలుపు తట్టేది నీ బావమరిది ఇంటి తలుపు.

ఐడీ ఈరోజే ఆపేయి. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం నడిపే ఈ-శ్రమ్ పోర్టల్‌లో నీ పేరు నమోదు చేయించుకో, దానికి పోలీస్ వెరిఫికేషన్ ఉండదు, ఆధార్‌తో అయిపోతుంది. నీ కేసు ఏమిటో, ఏ కోర్టులో ఉందో ఉత్తరంలో రాయలేదు. పైన బోడుప్పల్ తమ్ముడికి చెప్పినట్టు సి.సి. నంబరు వెతికి నాకు రాయి. మళ్లీ నెల దాకా ఆగకుండా నీకు నేరుగా జవాబు పంపుతాను.